సముద్రంలో దొరికిన కలికం బిళ్ళలు

ఈజిప్టువాళ్ళ కాటుక కంటికి మందేనని సైన్స్ తేల్చేసిందన్న మాట ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. అది ఉత్త పుకారేమీ కాదు, అలాగని దాన్ని నమ్మి సుర్మా డబ్బా కొనేసేంత సాక్ష్యమూ లేదు.

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ప్రాచీన ఈజిప్టు కాటుక భరిణెల్లో కొన్నింట్లో పొడి ఇంకా మిగిలే ఉంది. దాన్ని పరీక్షించినవాళ్ళు 1999లో ఏం చెప్పారంటే, అందులో గనిలో దొరికే సీసం ఖనిజంతో పాటు ప్రకృతిలో చాలా అరుదుగా కనిపించే రెండు సీసం లవణాలు కూడా ఉన్నాయని, అంటే ఎవరో పనిగట్టుకుని ఉప్పునీళ్ళతో వారాల తరబడి తంటాలు పడి వాటిని తయారుచేశారని. ఉత్త అందం కోసమే అయితే అంత తిప్పలెందుకు? 2010లో అలాంటి లవణాన్ని చర్మకణాల మీద అతి తక్కువ మోతాదులో వేసి చూస్తే, రోగనిరోధక శక్తిని కదిలించే నైట్రిక్ ఆక్సైడ్ పెరిగింది. అదీ ల్యాబ్‌లో, చర్మకణాల మీద. ఎవరి కంట్లోనూ కాదు. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుందన్న దాంట్లో మాత్రం ఏ అనుమానమూ లేదు.

నన్నడిగితే పాతకాలపు కంటి మందుల విషయంలో రోమన్ల సాక్ష్యమే గట్టిది. అక్కడ రోగి, వైద్యుడు, మందు, మూడింటి ఆనవాళ్ళూ దొరికాయి. ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్ సైన్యం ఉన్న విండోలాండా కోటలో పల్చటి చెక్క మీద సిరాతో రాసిన హాజరు లెక్క ఒకటి బయటపడింది, క్రీ.శ. 90ల నాటిది. దళంలో మొత్తం 752 మంది. కోటలో ఉన్నవాళ్ళలో డ్యూటీకి పనికిరానివాళ్ళు 31 మంది, వాళ్ళలో జబ్బుపడినవాళ్ళు 15, గాయపడినవాళ్ళు 6, కళ్ళకలకలతో బాధపడేవాళ్ళు 10. గాయాల కంటే కళ్ళ బాధే ఎక్కువన్నమాట!

ఇక వైద్యుల సంగతి. ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్‌లలో చిన్న చిన్న రాతి ముద్రలు 300కు పైగా దొరికాయి, ఇటలీలో మాత్రం చాలా తక్కువ. రాయి అంచుల మీద అక్షరాలు తిరగేసి చెక్కి ఉంటాయి, కలికం, అంటే కంటికి పెట్టే మందు, ముద్దగా ఉండి ఆరకముందే దాని మీద అద్దితే వైద్యుడి పేరు, మందు పేరు, ఏ జబ్బుకో కూడా పడిపోతుంది. కొన్నింటి మీద గుడ్డుసొనతో కలిపి వాడమని కూడా ఉంది. ఇవాళ్టి మందు లేబుల్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

మందు సముద్రంలో దొరికింది. ఇటలీలో టస్కనీ తీరాన పొపులోనియా దగ్గర క్రీ.పూ. 2వ శతాబ్దంలో మునిగిన ఓడ 1974లో బయటపడింది, తవ్వకాలు 1989-90లో జరిగాయి. వైద్యుడి సామాన్ల మధ్య మూత బిగుసుకుపోయిన తగరపు డబ్బా ఒకటి, దాన్ని ఎక్స్‌రే తీస్తే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆరు గుండ్రటి బిళ్ళలు. ఒక్కోటి 4 సెంటీమీటర్ల వెడల్పు, రెండు వేల ఏళ్ళు నీళ్ళలో ఉన్నా లోపల తడవకుండానే ఉన్నాయి. 2013లో వచ్చిన ఫలితాల ప్రకారం నాలుగింట మూడొంతులు జింక్ ఖనిజాలే, మిగతాది ఇనుప ఆక్సైడ్, పిండి, తేనెమైనం, పైన్ చెట్టు బంక, కొవ్వులు. నార పీచులు కూడా ఉన్నాయి, బిళ్ళ విరిగిపోకుండా కలిపి ఉంటారట. కంటికి జింక్ మంచిదని రోమన్ కాలం రచనల్లోనే ఉంది, జింక్ సల్ఫేట్ కలిపిన కంటి చుక్కలు మన కాలం దాకా వచ్చాయి కూడా. సీసం కాటుకకు ఆ మాట చెప్పలేం.