ఫ్యూజు ఉంది, అయినా వైరు కాలింది: ట్రాక్టరుకు అదనపు వైరింగు మీద అపోహలు, వాస్తవాలు

"ఫ్యూజు వేశామండీ, అయినా వైరంతా కాలిపోయింది." ఇలా చెప్పే ప్రతి ట్రాక్టరులోనూ కనిపించేది ఒకటే. ఫ్యూజు ఉంటుంది. వెనక ఫోకస్ లైటు దగ్గరో, స్ప్రేయర్ పంపు దగ్గరో చక్కగా బిగించి ఉంటుంది. బ్యాటరీ నుంచి అక్కడిదాకా వెళ్లే నాలుగు మీటర్ల వైరుకు మాత్రం ఏ కాపలా ఉండదు. అది ఇంజను పక్కగా, హైడ్రాలిక్ పైపులను రాసుకుంటూ, రేకు అంచుల మీదుగా పోతుంది.

అపోహ: ఫ్యూజు పరికరాన్ని కాపాడటానికి, కాబట్టి పరికరం దగ్గరుంటే చాలు.

వాస్తవం: ఫ్యూజు కాపాడేది వైరును. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు దాకా ఉన్న ముక్కకు ఏ రక్షణా లేదు. అందుకే ఆ ముక్క జానెడు మించకూడదు. ఎందుకో లెక్క చూడండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు నిరోధం మీటరుకు దాదాపు 7.4 మిల్లీఓములు. బ్యాటరీ నుంచి రెండు మీటర్ల దూరంలో పైపొర అరిగి రాగి బాడీకి, అంటే బ్యాటరీ మైనస్‌కు కలిసి ఉన్న లోహానికి, తగిలిందనుకుందాం. కరెంటుకు అడ్డం 15 మిల్లీఓములే. సెల్ఫ్ మోటారు తిప్పడానికి వందల ఆంపియర్లు ఇవ్వగల బ్యాటరీ ఆ ధాటినంతా ఈ సన్న వైరులోకి తోస్తుంది. కరెంటు మధ్యలోనే బాడీలోకి దిగిపోతుంది కాబట్టి చివరన ఉన్న ఫ్యూజు వరకు చేరదు. అది చెక్కుచెదరకుండా ఉంటుంది, వైరు మాత్రం ఎర్రగా కాలుతుంది. చుట్టూ గ్రీజు, డీజిలు తడి, గడ్డి దుమ్ము. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇదే ఫ్యూజు బ్యాటరీ పక్కన ఉండి ఉంటే క్షణంలో తెగిపోయేది. నష్టం ఒక ఫ్యూజుతో ఆగేది.

దీని తోడబుట్టిన అపోహ ఇంకొకటుంది: "15 ఆంపియర్ల ఫ్యూజు మాటిమాటికీ పోతోంది, 30 వేస్తే సరి." దయచేసి ఈ పని చేయకండి. ఫ్యూజు సైజు వైరును బట్టి ఉంటుంది, మన ఓపికను బట్టి కాదు. వేడి ఇంజను పక్కగా పోయే వైరుకు నేను పెట్టే హద్దులివి: 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకు 10 ఆంపియర్లు, 2.5కు 20, 4కు 30, 6కు 40. దీనికి లోపల, పరికరం లాగే కరెంటుకు నాలుగోవంతు ఎక్కువ ఉండేలా ఫ్యూజు ఎంచుకోవాలి. ఫ్యూజు స్థానంలో రాగి పోగో, రేకు ముక్కో చుట్టడమంటే ఫ్యూజు తీసేసినట్టే.

మాటిమాటికీ పోతుంటే కారణం వెతకండి. బ్యాటరీ మైనస్ విప్పి, ఫ్యూజు తీసి, పరికరం ప్లగ్గు ఊడదీసి, ఫ్యూజు హోల్డరు అవతలి కాలుకూ బాడీకీ మధ్య మల్టీమీటరుతో చూడండి. కంటిన్యుటీ కూత (దారి కలిసి ఉందని మీటరు చేసే శబ్దం) వినిపిస్తే వైరు ఎక్కడో అరిగింది. కూత లేకపోతే తప్పు చాలావరకు పరికరంలో ఉంటుంది: స్ప్రేయర్ పంపు ఫిల్టరు పూడుకుపోయి మోటారు బరువుగా లాగడమో, సాకెట్లో నీరు చేరడమో. ఫ్యూజు తీగ తెగకుండా ప్లాస్టిక్ మాత్రమే కరిగితే అది వేరే జబ్బు. హోల్డరు పట్టు వదులై అక్కడ వేడెక్కుతోంది, హోల్డరే మార్చాలి.

వైరు సైజు విషయంలో పొదుపు చేసేవాళ్లకు ఒక లెక్క. 55 వాట్ల హాలోజెన్ లైట్లు నాలుగు అంటే 220 వాట్లు, 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్ల పైచిలుకు. నాలుగు మీటర్ల దూరం, రానూపోనూ ఎనిమిది. 2.5 వైరు వేస్తే దారిలోనే 1.1 వోల్టు పోతుంది, లైట్ల వెలుగు పావువంతుకు పైగా తగ్గుతుంది. 6 వైరు వేస్తే పోయేది అర వోల్టు లోపే. "లైట్లు నాసిరకం" అని మార్చేసిన చాలాచోట్ల తప్పు లైట్లది కాదు.

అపోహ: రెండో బ్యాటరీని ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపేస్తే చాలు.

వాస్తవం: నేరుగా కలిపితే అవి రెండు బ్యాటరీలు కావు, ఒకే పెద్ద బ్యాటరీ. ఇంజను ఆపి లైట్లు వేసుకుంటే రెండూ కలిసే దిగిపోతాయి, పొద్దున సెల్ఫ్ తిరగదు. రెండో బ్యాటరీ పెట్టిన ఉద్దేశమే పోయింది. పైగా సెల్ఫ్ కొట్టినప్పుడు కలిపిన వైరు గుండా కూడా పెద్ద కరెంటు పరుగెడుతుంది. మధ్యలో వోల్టేజి చూసి కలిపే రిలే (కరెంటుతో దానంతట అదే పనిచేసే స్విచ్చి) కావాలి. అది సుమారు 13.3 వోల్టులు దాటాక రెండింటినీ కలుపుతుంది, 12.8 దగ్గరకు దిగితే విడదీస్తుంది. రిలే సామర్థ్యం ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు ఇచ్చే కరెంటు కంటే ఎక్కువ ఉండాలి. 16 చదరపు మిల్లీమీటర్ల వైరు, 80 ఆంపియర్ల ఫ్యూజు వేస్తే సాధారణ ట్రాక్టరుకు సరిపోతుంది. చాలామంది ఇక్కడ కూడా ఒక్క ఫ్యూజే వేస్తారు. ఈ వైరుకు రెండు వైపులా బ్యాటరీలే ఉన్నాయి. ఎటునుంచైనా కరెంటు వస్తుంది, కాబట్టి రెండు చివరలా ఫ్యూజు ఉండాలి.

లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే విశ్రాంతిలో 12.2 వోల్టులంటే సగం అయిపోయినట్టే, అక్కడ వాడకం ఆపండి. లిథియం బ్యాటరీకి ఈ రిలే పద్ధతి పనికిరాదు. దాని విశ్రాంతి వోల్టేజే 13.3 దగ్గర ఉంటుంది, రిలే విడిపోదు. ఛార్జింగులో ఆల్టర్నేటరును పూర్తిగా లాగేసి వేడెక్కిస్తుంది. దానికి కరెంటును అదుపు చేసి ఎక్కించే డీసీ టు డీసీ ఛార్జరు పెట్టాలి.

అదనంగా ఏం పెట్టినా ఆల్టర్నేటరు కాలిపోతుందని భయపడేవాళ్లు ఉన్నారు. కొత్త బండి మీద అంత డబ్బు పెట్టినవారికి ఆ భయం సహజం. ఆల్టర్నేటరు బలవంతంగా కరెంటు తోయదు, అడిగినంతే ఇస్తుంది. దాని మీద రాసిన ఆంపియర్ల నుంచి హెడ్‌లైట్లకు 9, బ్యాటరీ తిరిగి నిండటానికి ఒక 10 తీసేయండి. మిగిలినదే మీది. ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు పూర్తి ఆంపియర్లు రావని కూడా గుర్తుంచుకోండి. 36 ఆంపియర్ల ఆల్టర్నేటరు మీద రెండు 48 వాట్ల ఎల్ఈడీ లైట్లు నిశ్చింతగా నడుస్తాయి. పాత డైనమో ఉన్న బండి అయితే లెక్క చాలా ఇరుకు.

"బాడీ ఎక్కడైనా ఎర్తే" అన్నది సగం నిజం. పెయింటు మీద బిగించిన లగ్గు (వైరు చివరి లోహపు చెవి) ఎర్తు కాదు. లోహం మెరిసేదాకా గీకి, పళ్ల వాషరు వేసి బిగించి, పైన గ్రీజు రాయండి. ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఉండే ఎర్తు పట్టీ తెగితే సెల్ఫ్ కరెంటు మీ పరికరం మైనస్ వైరు గుండా దారి వెతుక్కుంటుంది, ఆ వైరు కరుగుతుంది. అదనపు పని మొదలుపెట్టే ముందు ఆ పట్టీ చూడండి.

డ్యాష్‌బోర్డు స్విచ్చి మీదనే మొత్తం లోడు నడపకండి, రిలే వాడండి. రిలే కాళ్ల మీద నంబర్లుంటాయి: 30కి ఫ్యూజు దాటిన ప్లస్, 87 నుంచి లైటుకు, 85 బాడీకి, 86కు తాళంచెవి తిప్పితే వచ్చే ప్లస్ స్విచ్చి మీదుగా. రిలే కాయిలు లాగేది అర ఆంపియరు కంటే చాలా తక్కువ, స్విచ్చి ఏళ్ల తరబడి ఉంటుంది. సోల్డరు చేసిన జాయింటే గట్టిదన్న నమ్మకం కూడా వదలండి. సోల్డరు పాకినచోట వైరు బిరుసెక్కి, ట్రాక్టరు వణుకుకు అక్కడే విరుగుతుంది. సరైన పనిముట్టుతో లగ్గును వైరు మీద నొక్కి బిగించండి (క్రింప్). 24 వోల్టుల బండిలో ఒక్క బ్యాటరీ నుంచి 12 తీసుకోవద్దు. అది ఎప్పుడూ నిండదు, రెండోది అతిగా ఛార్జవుతుంది. 24ను 12గా మార్చే కన్వర్టరు పెట్టండి. సెల్ఫ్ కొట్టగానే జీపీఎస్ తెర ఆరిపోతే అది పాడవలేదు, వోల్టేజి పడిపోయింది. ఇంజను స్టార్టయ్యాక ఆన్ చేయండి.

విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ప్లస్ నట్టు తిప్పే స్పానరు బాడీకి తగిలినా నిప్పురవ్వ రాకూడదంటే అదే క్రమం.

పని అయ్యాక తాళంచెవి తీసి, మైనస్ టెర్మినల్ విప్పి, మల్టీమీటరు ఎర్ర వైరును దాని 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి, మీటరును టెర్మినల్‌కూ కేబులుకూ మధ్య కలపండి. 50 మిల్లీఆంపియర్లు కనిపిస్తే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు పోతున్నట్టు. 75 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నెలలో సగం ఖాళీ. ఒక్కో ఫ్యూజు తీస్తూ చూస్తే ఎక్కడ పోతోందో తేలుతుంది. మీటరు అలా కలిపి ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకండి.