యానిమేషన్లు ఆపినా కంపోజిటింగ్ ఎందుకు ఆగదు?

పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి, సెట్టింగ్స్‌లో యానిమేషన్లన్నీ ఆపేసినా గ్రాఫిక్స్ మెమరీ వాడకం పెద్దగా తగ్గదు. తెర మీద కనిపించే హంగు ఆగుతుంది గానీ, దాని కింద నడిచే కంపోజిటింగ్ (ప్రతి విండోనూ విడిగా గీసి, అన్నిటినీ కలిపి తెర మీద చూపే పని) ఆగదు.

ఒకప్పుడు విండోలన్నీ నేరుగా ఒకే స్క్రీన్ బఫర్‌లోకి (తెర బొమ్మను ఉంచే మెమరీలోకి) గీసుకునేవి. పై విండోను పక్కకు లాగితే, బయటపడ్డ భాగాన్ని కింది ప్రోగ్రామే మళ్లీ గీయాలి. అది బిజీగా ఉంటే లాగిన మేరా మరకలు మిగిలేవి. 2004లో, లినక్స్‌లో విండోలను తెర మీద చూపే ఎక్స్ సర్వర్ అయిన ఎక్స్.ఆర్గ్ 6.8తో వచ్చిన కంపోజిట్ ఎక్స్‌టెన్షన్ ప్రతి విండోకూ తెర వెనుక సొంత బఫర్ ఇచ్చింది. ఆ బఫర్‌ను గ్రాఫిక్స్ కార్డుకు టెక్స్చర్‌గా (ఏ ఆకారం మీదైనా పరిచే బొమ్మగా) అందిస్తే ఎటైనా వంచొచ్చు, నీడ వేయొచ్చు. మ్యాక్ ఓఎస్ టెన్ 10.2 ఈ పనిని 2002లోనే కార్డుకు అప్పగించింది.

2006 మొదట్లో నోవెల్ ఇంజనీర్ డేవిడ్ రెవెమన్ ఎక్స్‌జీఎల్ అనే ఎక్స్ సర్వర్‌ను, ఎఫెక్టులు చూపే విండో మేనేజర్ కంపిజ్‌ను విడుదల చేశారు. క్యూబ్‌లా తిరిగే డెస్క్‌టాప్, జెల్లీలా ఊగే విండోలు అలా వచ్చాయి. ఎక్స్‌జీఎల్ కోసం వేరే ఎక్స్ సర్వరే నడపాలి. ఉన్న సర్వర్‌లోనే పని జరిగేలా రెడ్ హ్యాట్ తెచ్చిన ఏఐజీఎల్‌ఎక్స్ దారే చివరికి నిలిచింది. 2007 అక్టోబరులో ఉబుంటు 7.10 కంపిజ్‌ను డిఫాల్ట్ చేసింది.

చిక్కంతా మెమరీతోనే. పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 1280×1024 విండోకు 5 ఎంబీ పైనే కావాలి. పది తెరిస్తే 50 ఎంబీ దాటుతుంది. అప్పటి 64 ఎంబీ కార్డులో చోటు చాలక కొత్త విండో నల్లగా తెరుచుకునేది. ఇంటెల్ 945 చిప్‌సెట్‌లో టెక్స్చర్ వెడల్పు 2048 పిక్సెళ్లు మించకూడదు. 1280 మానిటర్లు రెండు పక్కపక్కన పెడితే 2560 అవుతుంది, ఎఫెక్టులు పనిచేయవు. టైటిల్ బార్లు గీసేది వేరే ప్రోగ్రాం కాబట్టి, అది క్రాష్ అయితే అన్ని విండోల టైటిల్ బార్లూ ఒకేసారి మాయమయ్యేవి.

అయినా కంపిజ్ తీసేసి మెటాసిటీ అనే సాదా విండో మేనేజర్‌కు మారిపోయే వీలుండేది. 2011లో గ్నోమ్ 3 డెస్క్‌టాప్ తన షెల్‌నే (ప్యానెల్, మెనూలనే) కంపోజిటర్ మీద కట్టింది. 2012లో విండోస్ 8 కూడా కంపోజిటింగ్ ఆపే ఆప్షన్ తీసేసింది. ఎక్స్‌కు బదులుగా వచ్చిన వేలాండ్‌లోనైతే డిస్‌ప్లే సర్వరే కంపోజిటర్, దాన్ని ఆపితే డెస్క్‌టాపే ఉండదు.

కేడీఈ డెస్క్‌టాప్ వాడేవాళ్లు ముందు బ్లర్ (వెనుక బొమ్మను మసకగా చూపే ఎఫెక్ట్) ఆపాలి. వెనుక బొమ్మ మారిన ప్రతిసారీ దాన్ని మళ్లీ లెక్కగట్టాలి కాబట్టి చిన్న కార్డుకు అదే బరువు. కంపోజిటింగ్ పూర్తిగా వద్దంటే ఎక్స్11 (పైన చెప్పిన ఎక్స్) మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ మేలు: విండో మేనేజర్ ట్వీక్స్‌లో కంపోజిటర్ ట్యాబ్‌లో టిక్ తీస్తే చాలు. వీడియోల్లో టేరింగ్ (బొమ్మ అడ్డంగా చీలినట్టు ఉండటం) మాత్రం కనిపించవచ్చు.