రెండు టిక్కెట్ల విమాన ప్రయాణం: అపోహలు - వాస్తవాలు

గత నెలలో ఒకే వారంలో ముగ్గురు మా నల్లగొండ ఆఫీసుకు వచ్చి ఒకే ప్రశ్న అడిగారు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఒక టిక్కెట్టు, ఢిల్లీ నుంచి అమెరికాకు వేరే కంపెనీలో ఇంకొక టిక్కెట్టు తీసుకుంటే చాలా డబ్బు మిగులుతోంది, మధ్యలో మూడు గంటల వ్యవధి ఉంది, సరిపోతుంది కదా అని. పదహారేళ్లుగా టిక్కెటింగ్ పని చేస్తున్న నాకు ఈ ప్రశ్న కొత్త కాదు. కానీ ముగ్గురూ సరిపోతుందనే జవాబును ఎవరి దగ్గరో విని వచ్చి, నా నోట మళ్ళీ వినడానికే అడిగారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మొదటి విమానం ఆలస్యమైతే, రెండో విమానం సంగతి వాళ్ళే చూసుకుంటారు.

జనానికి అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. ఇది గాలిలోంచి పుట్టింది కాదు. రైల్వేలో 2019 ఏప్రిల్ 1 నుంచి రెండు రైళ్ల పీఎన్ఆర్‌లను జతచేసుకునే సదుపాయం ఉంది. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే, ప్రయాణించని భాగానికి డబ్బు వాపసు వస్తుంది. ఆ సంగతి తెలిసినవారు విమానాల్లోనూ అదే పద్ధతి ఉంటుందనుకుంటారు. లేదు. విడివిడిగా కొన్న విమాన టిక్కెట్లను జతచేసే అటువంటి నియమం ఏదీ లేదు. ఇక్కడ పోలిక చెప్పాలంటే బస్సులతో చెప్పాలి. నల్లగొండ నుంచి బయలుదేరిన బస్సు మలక్‌పేట ట్రాఫిక్‌లో చిక్కుకుందని హైదరాబాద్ బస్టాండు ఎంజీబీఎస్‌లో బెంగళూరు బస్సు ఆగదు. ఆగనందుకు ఆ డ్రైవరును ఎవరూ తప్పుపట్టరు కూడా.

వాస్తవం ఏమిటంటే, ప్రతి టిక్కెట్టూ ఒక విడి ఒప్పందం. మొదటి కంపెనీ మిమ్మల్ని ఢిల్లీకి చేరుస్తానని మాత్రమే రాసి ఇచ్చింది కనుక, ఎంత ఆలస్యంగా చేర్చినా అక్కడితో తన పని అయిపోయిందని అంటుంది. రెండో కంపెనీ దృష్టిలో మీరు హైదరాబాద్ నుంచి వస్తున్నారన్న సంగతే లేదు. కౌంటరు మూసే వేళకు అక్కడ లేని ప్రయాణికుడు ఢిల్లీలోనే ఇంట్లో నిద్రపోయాడా, పైన ఆకాశంలో చక్కర్లు కొడుతున్నాడా అన్నది వాళ్ళ కంప్యూటరుకు ఒకటే. రెండు టిక్కెట్లూ ఒకే కంపెనీవైనా ఈ సూత్రం మారదు. అక్కడి సిబ్బంది దయతలచి సర్దితే సర్దవచ్చు, కానీ దయను లెక్కలో వేసుకుని లక్షన్నర రూపాయల టిక్కెట్టు కొనకూడదు. మన దేశ విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నియమాలు సైతం తప్పిపోయిన కనెక్షన్ గురించి మాట్లాడేటప్పుడు ఒకే టిక్కెట్టు నంబరు మీద బుక్ చేసిన కనెక్షన్ గురించే మాట్లాడతాయి. ఆలస్యమైన, రద్దయిన విమానాలకు యూరప్ వారి 261/2004 నిబంధన కింద పరిహారం లెక్కకట్టేటప్పుడూ మొత్తం ప్రయాణం ఒకే బుకింగ్‌లో ఉందా లేదా అన్నదే ముందు చూస్తారు.

రెండేళ్ల క్రితం జనవరిలో జరిగిన ఒక సంగతి చెబుతాను. మిర్యాలగూడ వైపు పల్లె నుంచి ఒక దంపతులు బిడ్డ కాన్పుకని అమెరికా బయలుదేరారు. డబ్బు కలిసివస్తుందని అల్లుడు అక్కడి నుంచే ఒక వెబ్‌సైట్‌లో రెండు టిక్కెట్లుగా బుక్ చేశాడు. ఢిల్లీలో దిగేది రాత్రి 10:50కి, అక్కడి నుంచి ఎగిరేది 2:10కి. మూడు గంటల ఇరవై నిమిషాలు ఉన్నాయి కదా అని అందరూ నిశ్చింతగా ఉన్నారు. అయితే చాలా కంపెనీల అంతర్జాతీయ కౌంటర్లు విమానం ఎగిరే గంట ముందే మూతపడతాయి కాబట్టి, వాళ్ళ చేతిలో నిజంగా ఉన్నది రెండు గంటల ఇరవై నిమిషాలే. పొగమంచు వల్ల మొదటి విమానం అర్ధరాత్రి 12 గంటలకు ఢిల్లీలో ఆగింది. అంటే మిగిలింది డెబ్భై నిమిషాలు. తలుపులు తెరిచి, ముందు వరుసలవారు దిగి, వీళ్ళు బయటపడేసరికి పావుగంట పోయింది. సామాను వచ్చే బెల్టు దగ్గర నైలాన్ తాడుతో అడ్డంగా, నిలువుగా కట్టిన నాలుగు పెట్టెల్లో మూడు ముందే వచ్చాయి. ఆవకాయ డబ్బా ఉన్న నాలుగోది చివరన వచ్చింది. దేశీయ విమానం దిగిన టెర్మినల్ వేరు, అమెరికా విమానం ఎక్కాల్సిన మూడో టెర్మినల్ వేరు. రెండింటి మధ్య రోడ్డు మీద ట్యాక్సీలో వెళ్లాలి. టెర్మినల్ గేటు దగ్గర వరుస దాటి కౌంటరు ముందు నిలబడేసరికి 1:20 అయింది. విమానం ఇంకా అక్కడే ఉంది, ఎగరడానికి యాభై నిమిషాలు ఉన్నాయి, కానీ కౌంటరులో దీపాలు ఆర్పేశారు.

వాళ్ళ కొడుకు నాకు ఫోన్ చేసేసరికి రాత్రి ఒంటిగంటన్నర. ఫోన్ కాన్ఫరెన్సులో పెట్టాడు. ఆ తండ్రి "సారూ, పైసలు మొత్తం కట్టినంగద, ఇమానం ఆడనే ఉన్నదంటున్రు, జర మీరు చెప్పరాదూ" అని బతిమాలుతుంటే, చెప్పినా వినేవారు అక్కడ లేరని వివరించడం నాకు చాలా కష్టమైంది. ఆయన తప్పేమీ లేదు. జీవితంలో మొదటిసారి విమానం ఎక్కిన మనిషికి, విమానం కళ్ళముందు ఉండగా ఎందుకు ఎక్కనివ్వరన్నది అర్థం కాకపోవడం సహజం.

అసలు దెబ్బ తెల్లవారాక తెలిసింది. వాళ్ళ రెండో టిక్కెట్టు రానుపోను టిక్కెట్టు. వెళ్లే విమానం ఎక్కకపోవడంతో వ్యవస్థ వాళ్ళను నో-షోగా రాసుకుని, ఆరు నెలల తరవాతి తిరుగు ప్రయాణాన్ని కూడా రద్దు చేసింది. చాలా కంపెనీల నియమం ఇదే. మొదటి భాగం వాడకపోతే మిగిలిన భాగాలన్నీ పోతాయి. కొత్త టిక్కెట్టు దొరికి, వాళ్ళు మూడో రోజు చేరేసరికి మనవరాలు పుట్టి ఒకరోజు దాటింది.

ఆ రాత్రి హైదరాబాద్‌లో మొదటి విమానం ఆలస్యమని తెలిసిన వెంటనే, అంటే రెండో విమానం ఎగరడానికి ఇంకా నాలుగైదు గంటలు ఉండగానే, రెండో కంపెనీకి ఫోన్ చేసి తేదీ మార్చమని అడిగి ఉంటే, మార్పు రుసుము, ధరలో తేడా కట్టి టిక్కెట్టును బతికించుకునే అవకాశం చాలావరకు ఉండేది. విమానం వెళ్ళిపోయాక చేసే ఫోనుకూ, వెళ్ళకముందు చేసే ఫోనుకూ మధ్య తేడా పది నిమిషాలే కావచ్చు గానీ, డబ్బులో అది మొత్తం టిక్కెట్టు ధర. ఇప్పటికే రెండు టిక్కెట్లు కొని భయపడుతున్నవారు గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి విషయం ఇది. రెండో కంపెనీ ఫోన్ నంబరును, బుకింగ్ నంబరును కాగితం మీద రాసుకుని పెద్దవాళ్ల జేబులో పెట్టండి. అమెరికాలో ఉన్న పిల్లలు రెండు విమానాల కదలికనూ ఫోనులో చూస్తూ ఉండండి.

అపోహ: ఒకేసారి డబ్బు కట్టాం, ఒకే మెయిల్ వచ్చింది, కాబట్టి అది ఒకే టిక్కెట్టు.

కాకపోవచ్చు. కొన్ని వెబ్‌సైట్లు సంబంధం లేని రెండు కంపెనీల టిక్కెట్లను తామే కలిపి ఒకే ధరగా చూపిస్తాయి. ధర కింద చిన్న అక్షరాల్లో 'సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్' అని ఉంటుంది. ఆ రెండు మాటలకు అర్థం, మధ్యలో మీ బాధ్యత మీదేనని. ఆ అల్లుడు కూడా చదువుకున్నవాడే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆయన కూడా ఆ మాటను గమనించలేదు.

పీఎన్ఆర్ చూసి తేల్చుకోవచ్చని కొందరు చెబుతారు, అదీ పూర్తిగా నిజం కాదు. రెండు కంపెనీలు కలిసి నడిపే ఒకే టిక్కెట్టుకు కూడా ఒక్కో కంపెనీ దగ్గర ఒక్కో పీఎన్ఆర్ ఉండవచ్చు. చూడాల్సింది ఈ-టిక్కెట్టు నంబరు. అందులో 13 అంకెలుంటాయి, మొదటి మూడు అంకెలు టిక్కెట్టు జారీచేసిన కంపెనీ కోడ్. ఒక ప్రయాణికుడి పేరు ఎదుట హైదరాబాద్ నుంచి చివరి ఊరి వరకు అదే నంబరు ఉంటే అది ఒకే టిక్కెట్టు. ఢిల్లీ దగ్గర నంబరు మారి, మొదటి మూడు అంకెలు కూడా వేరైతే, మీ దగ్గర ఉన్నవి రెండు టిక్కెట్లు. ఈ ఒక్క పరీక్ష ఇంట్లో కూర్చుని రెండు నిమిషాల్లో చేయవచ్చు. మా ఆఫీసుకు వచ్చి అడిగితే డబ్బు తీసుకోకుండా చూసి చెబుతాను.

అపోహ: ఎయిర్‌పోర్టు వాళ్ళే గంటన్నర చాలంటున్నారు.

కనీస కనెక్షన్ సమయం అని విమానాశ్రయాల వారీగా ఒక లెక్క ఉన్న మాట నిజమే. అది ఒకే టిక్కెట్టు మీద వెళ్లేవారికి, సామాను కంపెనీయే ఒక విమానం నుంచి ఇంకో విమానానికి మార్చే ప్రయాణానికి వర్తించే లెక్క. బెల్టు దగ్గర నిలబడి, పెట్టెలు తీసుకుని, బయటికి వచ్చి, మళ్ళీ చెక్-ఇన్ చేసేవారికి ఆ లెక్కతో పనిలేదు. వెబ్ చెక్-ఇన్ చేసుకున్నాం కాబట్టి భయం లేదనేవారికి కూడా ఇదే జవాబు: పెట్టెలు ఉంటే కౌంటరు సమయమే మీ సమయం.

అపోహ: అమెరికా టిక్కెట్టుకు రెండు పెట్టెలు ఉన్నాయి కాబట్టి ఢిల్లీ దాకా కూడా అంతే.

అమెరికా టిక్కెట్టు మీద చాలా కంపెనీలు మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు అనుమతిస్తాయి. దేశంలో విడిగా కొన్న ఎకానమీ టిక్కెట్టు మీద సాధారణంగా అనుమతించేది 15 కిలోలు. అంటే ఒక్క మనిషికి 31 కిలోల అదనపు సామాను. పై దంపతులు శంషాబాద్ కౌంటరులోనే అరవై రెండు కిలోలకు డబ్బు కట్టారు. మిగిలిందనుకున్న దానిలో పెద్ద భాగం ఢిల్లీ చేరకముందే కరిగిపోయింది.

అపోహ: దిగేది ఎయిర్‌పోర్టులోనే కదా, వీసా ఎందుకు?

ఇది నేను స్వయంగా చేసిన తప్పు, కనుక నొక్కి చెబుతున్నాను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో దేవరకొండ వైపు విద్యార్థి ఒకరికి షార్జా వరకు ఒక చౌక టిక్కెట్టు, దుబాయ్ నుంచి యూరప్‌కు మరొకటి తీసి ఇచ్చాను. రెండు ఊళ్ల మధ్య దూరం తక్కువే. కానీ ఒక విమానాశ్రయం నుంచి బయటికి వచ్చి ఇంకొక విమానాశ్రయానికి పోవాలంటే ఆ దేశంలో అడుగుపెట్టాలి, దానికి వీసా కావాలి. షార్జాతో ముగిసే టిక్కెట్టు చూసిన కౌంటరు సిబ్బంది యూఏఈ వీసా అడిగారు, ఆ అబ్బాయి దగ్గర లేదు, శంషాబాద్ నుంచే వెనక్కి పంపారు. రెండో టిక్కెట్టు డబ్బు నేను ఇచ్చుకున్నాను. వాళ్ళ అమ్మ ఇల్లంతా పిలిచి సాగనంపిన పిల్లవాడు అదే రోజు సాయంత్రం ఇంటికి తిరిగి రావడాన్ని మాత్రం నేను సరిచేయలేకపోయాను. ఒకే విమానాశ్రయమైనా, పెట్టెలు తీసుకోవడానికి ఇమ్మిగ్రేషన్ దాటాల్సి వస్తే ఇదే చిక్కు. లండన్‌లో లోపలే విమానం మారడానికి ఒక రకం ట్రాన్సిట్ వీసా, ఇమ్మిగ్రేషన్ దాటి బయటికి రావడానికి ఇంకొక రకం.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. ప్రయాణ బీమా అన్నీ కవర్ చేస్తుందనేది నిజం కాదు. ఎన్ని గంటల ఆలస్యానికి, ఏ కారణానికి, ఎలాంటి కనెక్షన్‌కు వర్తిస్తుందో పాలసీ పత్రంలో చదివాకే నమ్మండి. ఒకే టిక్కెట్టయితే సామాను ఎప్పుడూ చివరి ఊళ్లోనే దొరుకుతుందనేదీ నిజం కాదు: అమెరికాలో మామూలుగా మొదట దిగిన విమానాశ్రయంలో పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్ళీ అప్పగించాలి, విదేశం నుంచి ఢిల్లీ, ముంబై మీదుగా హైదరాబాద్ వచ్చేవారికీ సాధారణంగా అదే పద్ధతి. అక్కడ పెట్టెలు తీసుకోమన్నారని కంగారుపడి ఫోన్ చేసే పెద్దవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే, మీ టిక్కెట్టు ఒకటే అయితే ఆ తరవాతి విమానం తప్పినా ఇంకొక విమానంలో పంపే బాధ్యత కంపెనీదే.

రెండు టిక్కెట్లు ఎప్పుడూ తప్పేనని కూడా నేను అనను. చేతి సంచి మాత్రమే ఉన్న కుర్రవాడు, మధ్యలో ఒక రాత్రి ఉండేలా, వీసా అవసరం లేని చోట మారేలా చూసుకుంటే నేనే అలా బుక్ చేసి ఇస్తాను. ముందురోజు సాయంత్రమే ఢిల్లీ చేరి, గది తీసుకుని పడుకుని, మరుసటి రాత్రి విమానం ఎక్కేవారికి పొగమంచు భయం చాలావరకు తగ్గుతుంది. గది అద్దె కలిపినా ఇంకా మిగులు ఉంటేనే అది నిజమైన మిగులు. మన వైపు వారు ఇంకొకటి కలుపుకోవాలి. సంక్రాంతి ముందు, తరవాత పంతంగి టోల్‌గేటు దగ్గర విజయవాడ రహదారి ఎలా ఉంటుందో తెలిసిందే. నార్కట్‌పల్లి నుంచి పెద్దఅంబర్‌పేట వద్ద ఔటర్ రింగు రోడ్డు ఎక్కేవరకు పట్టే సమయం కూడా ఆ ప్రయాణంలో భాగమే.

విమానం తప్పిపోయి, టిక్కెట్టు డబ్బు రాదని చెప్పినవారు కూడా అక్కడితో వదిలేయకండి. ప్రయాణించని టిక్కెట్టులోని చట్టబద్ధమైన పన్నులు, విమానాశ్రయ రుసుములు నో-షో అయినా తిరిగి ఇవ్వాలని డీజీసీఏ నియమం ఉంది. అడగనిదే చాలాసార్లు రాదు. టిక్కెట్టు నంబరు వేసి, తేదీ వేసి, ఆ పన్నుల మొత్తం వాపసు చేయమని కంపెనీకి మెయిల్ రాయండి. ఏజెంటు ద్వారా కొన్నవారు ఏజెంటు చేతనే రాయించండి. ఆ దంపతుల తరఫున నేను రాశాను, నెలన్నర తిరిగాక ఆ డబ్బు వచ్చింది.