నైస్ అంటే ఒకప్పుడు తిట్టు

వంటల వీడియోల్లో తరచూ వింటుంటాం: "అల్లం, పచ్చిమిర్చి నైస్‌గా గ్రైండ్ చేసుకోండి." అంటే పలుకు లేకుండా మెత్తగా అని. "నైస్‌గా మాట్లాడి పని కానిచ్చుకున్నాడు" అన్నప్పుడు అందులో కాస్త టక్కరితనం ఉంది. "ఆయన చాలా నైస్ అండీ" అంటే మాత్రం అచ్చమైన మెచ్చుకోలు.

మాటను పాడుచేశామని ఇంగ్లీషువాళ్లు మనమీద నొచ్చుకునే వీల్లేదు. వాళ్ల చేతుల్లో అది పడ్డ పాట్లు ఇంతకంటే ఎక్కువ.

దాని మూలం లాటిన్‌లోని 'నెస్కియుస్'. 'నె' అంటే కాదు, లేదు అని. మన సంస్కృతం 'న'కు చుట్టమే. 'స్కిరె' అంటే తెలియడం. వెరసి, ఏమీ తెలియనివాడు. పాత ఫ్రెంచిలో ఆ మాట అరిగి 'నీస్' అయింది, తెలివితక్కువవాడనే అర్థంతో 1300 ప్రాంతంలో ఇంగ్లీషులో అడుగుపెట్టింది. కవి చాసర్ రోజుల్లో ఎవరినైనా నైస్ అంటే వెర్రిబాగులవాడని అన్నట్టే. తమాషా ఏమిటంటే, సైన్స్ అనే మాటా ఆ 'స్కిరె' నుంచే పుట్టింది. ఒకే తల్లి బిడ్డలు: ఒకరు తెలివి, ఒకరు తెలివిలేమి!

తర్వాతి రెండుమూడు వందల ఏళ్లలో నైస్ ఎక్కని గడప లేదు. విచ్చలవిడితనం, బిడియం, ప్రతిదానికీ వంకలు పెట్టే చాదస్తం, అన్నిటికీ అదే మాట. చాదస్తుడికి చిన్న తేడా కూడా కనబడుతుంది కదా, అలా సూక్ష్మం, నాజూకు అనే అర్థాలకు దారి పడి ఉంటుంది. వెంట్రుకవాసి భేదాన్ని 'నైస్ డిస్టింక్షన్' అనడం ఇంగ్లీషులో నేటికీ ఉంది. మన మిక్సీలోని నైస్ దీనికి దగ్గరిదే అనిపిస్తుంది నాకు.

బాగుంది, మంచిది అనే నేటి అర్థం 18వ శతాబ్దంలో స్థిరపడింది. అప్పటినుంచి దాన్ని ఉప్పులా అన్నిటిలోనూ చల్లేశారు. జేన్ ఆస్టెన్ నవల 'నార్తాంగర్ అబ్బే'లో హెన్రీ అనే పాత్ర దీన్నే ఎద్దేవా చేస్తుంది. పూర్వం ఈ మాట శుభ్రతకు, నాజూకుకు మాత్రమే వాడి ఉంటారని అతని వాదన. పాపం, అంతకుముందు అది తిట్టని అతనికి తెలిసినట్టు లేదు.

దీనికి సరిగ్గా తిరగేసిన కథ మన 'కంపు'ది. పాత తెలుగులో కంపు అంటే సువాసన కూడా. కన్నడిగులు నేటికీ ఆ అర్థాన్ని వదల్లేదు. మల్లెల కంపు అని అక్కడ కవిత రాయొచ్చు. ఇక్కడ పూలమ్మే ఆవిడతో ఆ మాట అని చూడండి.