మూడు నాలుగు రాశులు కలిసి మారే లెక్కలు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

అనులోమానుపాతం (ఒకటి రెట్టింపైతే రెండోదీ రెట్టింపు), విలోమానుపాతం (ఒకటి రెట్టింపైతే రెండోది సగం) విడివిడిగా ఇస్తే మీరు బాగానే చేస్తారు. ఒకే లెక్కలో మూడు నాలుగు రాశులు చేరేసరికి దేన్ని పైన వేయాలో, దేన్ని కింద వేయాలో తేలక అంకెల్ని తోచిన చోట పెట్టేస్తారు. ఆ చిక్కు విప్పడానికే ఈ ఉత్తరం.

భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతి అనే గణిత గ్రంథంలో పంచరాశికం (ఐదు రాశులు ఇచ్చి ఆరోదాన్ని అడిగే లెక్క) కింద ఒక లెక్క ఉంది. నూటికి నెలకు 5 వడ్డీ అయితే 16కి ఏడాదికి ఎంత? మన ఊళ్లలో ఇప్పటికీ ఇదే పలుకుబడి. 'రెండు రూపాయల వడ్డీ' అంటే నూటికి నెలకు రెండు అని. అంటే ఏడాదికి 24 శాతం. దీన్ని బ్యాంకువాళ్లు ఏడాదికి చెప్పే 2 శాతంతో కలిపేసుకోకండి.

వడ్డీ అసలుకు అనులోమం, కాలానికీ అనులోమం. ఈ రెండు మాటల్నీ ఒకే సమీకరణంగా రాయాలి:

వడ్డీ = క × అసలు × నెలలు

ఇక్కడ 'క' అనుపాత స్థిరాంకం, అంటే ఆ లెక్క మొత్తంలో మారని అంకె. దాన్ని కనుక్కోవాలంటే అన్ని విలువలూ తెలిసిన వరుస ఒకటి కావాలి. 5 = క × 100 × 1, కాబట్టి క = 1/20. ఇక రెండో వరుస: వడ్డీ = 1/20 × 16 × 12 = 9.6. అయిపోయింది.

కొందరు ఇక్కడే 'రెండింటికీ అనులోమం కదా' అని అసలునూ కాలాన్నీ కూడేస్తారు. కూడితే ఏమవుతుందో చూడండి. అసలు సున్నా అయినా నెలలు గడిచినకొద్దీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది! అప్పు తీసుకోనివాడు కూడా వడ్డీ కట్టాలన్నమాట. అసలు రెట్టింపై, కాలమూ రెట్టింపైతే వడ్డీ నాలుగు రెట్లు కావాలి. అది గుణకారంతోనే కుదురుతుంది.

'ఒకటి పెరిగితే ఇంకొకటి పెరగడం అనులోమం' అని మాత్రం బట్టీ పట్టకండి. వయసుతో పాటు మీ ఎత్తూ పెరుగుతుంది, కానీ వయసు రెట్టింపైతే ఎత్తు రెట్టింపు కాదు. రెట్టింపుకు రెట్టింపు, మూడింతలకు మూడింతలు అయితేనే అనులోమం. రెట్టింపుకు సగం, మూడింతలకు మూడోవంతు అయితే విలోమం.

ఇప్పుడు రెండు రకాలూ కలిసిన లెక్క, పాఠాల్లో మిశ్రమానుపాతం అనేది. 12 మంది కూలీలు రోజుకు 8 గంటల చొప్పున 10 రోజుల్లో 240 మీటర్ల కాలువ తవ్వారు. 16 మంది రోజుకు 6 గంటల చొప్పున 360 మీటర్లు తవ్వడానికి ఎన్ని రోజులు?

అడిగింది రోజులు. కాబట్టి ప్రతి రాశినీ రోజులతోనే పోల్చాలి, ఒక్కొక్కటిగా, మిగతావి కదలకుండా పట్టుకుని. మనుషులు, గంటలు మారకుండా కాలువ పొడవు రెట్టింపైతే రోజులు రెట్టింపు, పొడవు పైకి. మనుషులు రెట్టింపైతే రోజులు సగం, మనుషులు కిందికి. గంటలూ అంతే, కిందికి.

రోజులు = క × పొడవు ÷ (మనుషులు × గంటలు)

10 = క × 240 ÷ 96. క = 4. రెండో వరుసలో 4 × 360 ÷ 96 = 15 రోజులు.

ఆ 4 ఊరికే వచ్చిన అంకె కాదు. ఒక మీటరు తవ్వడానికి పట్టే మనిషి-గంటలు అది. సరిచూడటానికీ అదే దారి: 16 × 6 × 15 = 1440, దాన్ని 360తో భాగిస్తే మళ్లీ 4 రావాలి. మనుషుల్ని గంటలతో పోల్చడం మొదలుపెట్టారో, లెక్క చెడినట్టే.

వర్గం ఉన్న లెక్కల్లో తప్పులు ఇంకా ఎక్కువ. దూలం మోయగల బరువు దాని వెడల్పుకూ, ఎత్తు వర్గానికీ అనులోమం, దాన్ని మోసే రెండు గోడల మధ్య దూరానికి విలోమం. 10 సెంటీమీటర్ల వెడల్పు, 20 ఎత్తు ఉన్న దూలానికి 10 × 400 = 4000. అదే దూలాన్ని పడుకోబెడితే 20 × 100 = 2000. కర్ర అదే, గోడల దూరం అదే, బలం సగం. దూలాన్ని నిలువుగా పెట్టేది ఇందుకే. 'క' ఎంతో తెలియకుండానే జవాబు వచ్చిందని గమనించారా? రెండు వరుసల్లోనూ అదే 'క' కనుక నిష్పత్తిలో కొట్టుడుపోయింది. ఈ దగ్గరిదారి బాగుంటుంది గానీ, 'క'తో పది లెక్కలైనా చేశాకే పట్టండి.

వెడల్పు 10 శాతం పెంచి, ఎత్తు 10 శాతం తగ్గిస్తే సరిపోతుందా? 1.1 × 0.9 × 0.9 = 0.891. దాదాపు 11 శాతం బలం పోయింది. శాతాల్ని కూడి తీసేస్తే ఇది కనబడదు.

ప్రమాణాల విషయంలో ఒకటే నియమం: 'క' కనుక్కునేటప్పుడు నెలలు వాడితే తర్వాతా నెలలే. సంవత్సరాలకు మారితే 'క' కూడా మారాలి.

చివరగా, ఒక్క 'క' చాలని లెక్కలు కొన్నుంటాయి. పెళ్లి భోజనాల ఖర్చులో హాలు అద్దె ఎందరొచ్చినా ఒకటే. మిగతాది మందిని బట్టి. 200 మందికి 90,000, 300 మందికి 1,20,000 అయితే, ఖర్చు = అ + క × మంది. ఇక్కడ 'అ' హాలు అద్దె, 'క' ఒక్కో మనిషికి అయ్యే ఖర్చు. తెలియనివి రెండు, అందుకే వరుసలూ రెండు ఇచ్చారు. తీసివేస్తే 100 మందికి 30,000; క = 300, అ = 30,000. 'కొంత స్థిరం, కొంత అనులోమం' అన్న మాట కనబడితే కూడిక గుర్తు రాయండి. 450 మంది వస్తే ఖర్చెంతో మీరు కట్టి నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య