మోకాలికి కట్టుతో ఉన్న మా డిఫెండర్‌కు

ప్రియమైన బుజ్జీ, చిన్నూ,

బుజ్జీ, నీ మోకాలికి కట్టు వేశారనీ, ఈసారి పోటీల్లో ఆడలేవనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. "డిఫెండర్ లేకపోతే ఎవరికి తెలుస్తుందిలే" అని నువ్వు వెనక నుంచి అన్న మాట కూడా నా చెవిన పడింది. ఆ మాట నాకు నచ్చలేదు. అందుకే ఎడ్డీ హౌ అనే ఫుట్‌బాల్ డిఫెండర్ గురించి రాస్తున్నాను.

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో బోర్న్‌మత్ అనే ఊరుంది. హౌ ఆ ఊరి క్లబ్బులో డిఫెండర్. 2002లో పోర్ట్స్‌మత్ క్లబ్బు మేనేజర్ (అంటే జట్టును నడిపించే ముఖ్య శిక్షకుడు) హ్యారీ రెడ్‌నాప్ అతన్ని 4 లక్షల పౌండ్లకు తీసుకున్నాడు. వెళ్లీ వెళ్లగానే మోకాలు దెబ్బతింది. ఆ క్లబ్బుకు అతను ఆడినవి రెండే మ్యాచ్‌లు.

2004లో అతన్ని వెనక్కి తెచ్చుకుందామంటే బోర్న్‌మత్ దగ్గర డబ్బు లేదు. అభిమానులే చందాలు వేసుకొని 21,000 పౌండ్లు పోగుచేశారు. గోల్స్ కురిపించే వీరుడి కోసం కాదు, మోకాలు బాగాలేని ఒక డిఫెండర్ కోసం! అతను లేని లోటు ఆ ఊరికి తెలిసింది, బుజ్జీ.

మోకాలు మాత్రం కుదురుకోలేదు. 2007లో, ముప్పై ఏళ్లయినా నిండకుండానే, ఆట మానేసి రిజర్వు జట్టుకు శిక్షణ ఇవ్వసాగాడు. 2008 డిసెంబరు 31న క్లబ్బు తన మేనేజర్‌ను తప్పించి, తాత్కాలికంగా హౌను కూర్చోబెట్టింది. అప్పటికి అతనికి 31 ఏళ్లు.

చిన్నూ, ఈ లెక్క నీకు. డబ్బు ఇబ్బందుల్లో కూరుకుపోయినందుకు ఆ సీజన్‌లో బోర్న్‌మత్‌కు 17 పాయింట్లు కోత వేశారు. గెలిస్తే వచ్చేది 3. అంటే గెలుపులతోనే లెక్కేస్తే, ఆరో గెలుపు దాకా సున్నా దాటరు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పోటీల పై నాలుగు అంచెల్లోని 92 క్లబ్బుల్లో వాళ్లది 91వ స్థానం. హౌ వచ్చాక తొలి రెండు మ్యాచ్‌లూ ఓడారు. అయినా క్లబ్బు అతన్నే ఉంచింది. అతను తన పాత సహచరుడు, 36 ఏళ్ల స్టీవ్ ఫ్లెచర్‌ను వెనక్కి పిలిపించాడు. సొంత మైదానంలో చివరి మ్యాచ్‌లో గ్రిమ్స్‌బీ మీద గెలుపు గోల్ కొట్టి, జట్టు కింది అంచెకు జారకుండా కాపాడింది ఆ ఫ్లెచరే. తర్వాత వచ్చిన కప్పుల కన్నా ఆ గోలే నాకు ఎక్కువ ఇష్టం.

ఆపైన మెట్లెక్కారు. మధ్యలో హౌ కొంతకాలం బర్న్‌లీ క్లబ్బుకు వెళ్లి, 2012లో తిరిగొచ్చాడు. 2015లో, పదకొండు వేల మంది పట్టే చిన్న మైదానమున్న బోర్న్‌మత్ క్లబ్బు తొలిసారి అన్నిటికన్నా పై అంచె అయిన ప్రీమియర్ లీగ్ చేరింది. ఐదు సీజన్ల తర్వాత 2020లో కిందికి దిగిపోయినప్పుడు అతనూ వెళ్లిపోయాడు.

2021 నవంబరులో హౌ న్యూకాసిల్ క్లబ్బు బాధ్యత తీసుకునే నాటికి ఆ సీజన్‌లో ఆ జట్టు ఒక్క మ్యాచూ గెలవలేదు. 2025 మార్చి 16న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో అదే జట్టు 2-1తో లివర్‌పూల్‌ను ఓడించి లీగ్ కప్పు అందుకుంది. 1955 తర్వాత వాళ్లకు దేశంలో దక్కిన తొలి పెద్ద ట్రోఫీ అది.

అందులో మొదటి గోల్ డాన్ బర్న్‌ది. అతను ఆ ప్రాంతపు కుర్రాడే. చిన్నప్పుడు ఆ క్లబ్బే అతన్ని వద్దని పంపేసింది. అతనూ డిఫెండరే. నాన్నను అడిగి ఆ గోల్ చూడు బుజ్జీ, మొదటి సగం ముగుస్తుండగా వస్తుంది. అంత దూరం నుంచి తలతో ఎలా కొట్టాడో చూసి, నాకు ఫోను చెయ్యి.

మీ అమ్మమ్మ