తప్పు సంస్థది, బాకీ వినియోగదారుడిది

కరెంటు బిల్లు ఎంత వస్తే అంత కట్టేస్తాం. కొన్నేళ్ల తర్వాత పంపిణీ సంస్థ ఆడిట్‌లో ఎవరో ఒక తప్పు పట్టుకుంటారు. కేటగిరీ తప్పు పడిందనో, యూనిట్లు తక్కువ లెక్కగట్టామనో చెప్పి, అన్నేళ్ల తేడా ఒక్కసారే కట్టమంటూ నోటీసు పంపుతారు. కట్టకపోతే కనెక్షన్ తీసేస్తామన్న హెచ్చరికా అందులోనే ఉంటుంది. డబ్బు అడగడం, కనెక్షన్ తీసేయడం రెండూ ఒకే కాగితం మీదకు వచ్చినా, చట్టం ఇప్పుడు వాటిని విడివిడిగా చూస్తుంది. అలా చూడడం మొదలవడానికి మన దేశంలో వందేళ్లు పైనే పట్టింది.

1910 నాటి భారత విద్యుత్ చట్టం సరఫరాదారు పక్షాన గట్టిగా నిలబడింది. బాకీ కట్టకపోతే ఏడు రోజుల నోటీసుతో ఫ్యూజు పీకేయొచ్చు. అది ఎన్నేళ్ల కిందటి బాకీ అన్న ప్రశ్నే ఆ సెక్షన్‌లో లేదు. మీటరు సరిగ్గా తిరగడం లేదన్న వివాదం వస్తే మాత్రం ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ తేల్చాలి, ఆయన వేసే అంచనా ఆరు నెలలకు మించి వెనక్కి పోకూడదు. యంత్రం తప్పుకు హద్దు గీశారు, గుమాస్తా తప్పుకు గీయలేదు.

మహారాష్ట్ర విద్యుత్ బోర్డు పంపిన ఒక సప్లిమెంటరీ బిల్లు (పాత తేడా కోసం వేసే అదనపు బిల్లు) మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ ధోరణికి ముద్ర వేసింది. అదే స్వస్తిక్ ఇండస్ట్రీస్ కేసు. దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంటే ఉండొచ్చు గానీ, బిల్లు పంపడానికీ, కట్టకపోతే సరఫరా ఆపడానికీ ఆ గడువు అడ్డురాదని కోర్టు తేల్చింది. కోర్టుకు వెళ్లే పనే లేకుండా చేతిలో ఫ్యూజు ఉన్న అప్పులవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

2003 జూన్‌లో అమల్లోకి వచ్చిన కొత్త విద్యుత్ చట్టం ఇక్కడ కళ్లెం వేసింది. 56వ సెక్షన్ నోటీసు గడువును పదిహేను రోజులకు పెంచింది. సొమ్ము 'మొదట బకాయి పడిన' తేదీ నుంచి రెండేళ్లు దాటితే వసూలు చేయకూడదని, సరఫరా ఆపకూడదని చెప్పింది. అయితే ఆ మొత్తాన్ని ప్రతి బిల్లులోనూ బకాయి కింద వరసగా చూపిస్తూ వస్తే ఈ రక్షణ వర్తించదు.

మరి ఎప్పుడూ బిల్లులోనే వేయని మొత్తం ఎప్పుడు బకాయి పడినట్టు? కరెంటు వాడిన రోజా, తేడా బిల్లు చేతికిచ్చిన రోజా? దీని మీద హైకోర్టులు తలోమాట చెప్పాయి. అజ్మీర్ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) కేసులో 2020 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు జవాబిచ్చింది. 2009 జూలై నుంచి 2011 సెప్టెంబరు దాకా తప్పుడు టారిఫ్ కోడ్‌తో (ఏ కేటగిరీ రేటు వేయాలో చెప్పే కోడ్) బిల్లులు వేసి, 2014 మార్చిలో తేడా అడిగారు. అప్పటికి రెండేళ్లు దాటిపోయాయి కాబట్టి కనెక్షన్ జోలికి పోవద్దని, కానీ పొరపాటు నిజాయతీగా జరిగింది కాబట్టి అదనపు డిమాండ్ పంపొచ్చని కోర్టు చెప్పింది. సంస్థ చేతిలోంచి ఫ్యూజు తీసుకుంది, బాకీని మాత్రం రద్దు చేయలేదు. చాలామంది ఈ రెండేళ్ల గడువును మాఫీ అనుకుంటారు. అది మాఫీ కాదు.

మరుసటి ఏడు హర్యానా కంపెనీ ఒకటి ఇదే ఆశతో వెళ్లి ఓడిపోయింది. పెద్ద కనెక్షన్లకు మొత్తం కరెంటు మీటరు గుండా పోదు. మధ్యలో ఉండే ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని కొన్నో వంతుకు తగ్గించి మీటరుకు ఇస్తుంది. అందుకే రీడింగును ఒక అంకెతో హెచ్చవేయాలి. ఆ కంపెనీ లోడు పెంచుకున్నప్పుడు 10 అని రాయాల్సిన చోట 5 పడింది. మీటరు వెయ్యి చూపిస్తే పదివేల యూనిట్లకు బదులు ఐదువేలకే బిల్లు. 2006 ఆగస్టు నుంచి మూడేళ్లు అలాగే సాగింది. ఆ తర్వాత వచ్చిన నోటీసు మొత్తం కోటీ ముప్పై అయిదు లక్షలు. సగం బిల్లు వస్తోందని ఫ్యాక్టరీ లెక్కలు చూసేవాళ్లకు తట్టలేదంటే నమ్మడం కష్టమే. కానీ ఇదే తర్కాన్ని మామూలు ఇంటికి వర్తింపజేయలేం. టారిఫ్ కోడ్ సరైనదో కాదో ఇంటివాళ్లకు ఎలా తెలుస్తుంది? ఈ తేడాను మన చట్టం ఇప్పటికీ పట్టించుకోదు.

బ్రిటన్ పట్టించుకుంది. అక్కడ 2018 మే నుంచి, వినియోగదారుడి తప్పు లేకపోతే పన్నెండు నెలలకు ముందు వాడిన కరెంటుకూ గ్యాస్‌కూ సంస్థ కొత్తగా బిల్లు వేయడానికే వీల్లేదు. ఇది మొదట గృహాలకు వర్తించింది, అదే ఏడాది నవంబరు నుంచి బాగా చిన్న వ్యాపారాలకూ వర్తిస్తోంది. తప్పు ఎవరు చేస్తే నష్టమూ వాళ్లదే.

మన 56వ సెక్షన్‌లోనే పెద్దగా ఎవరూ వాడుకోని ఒక వెసులుబాటు ఉంది. బిల్లు మీద వివాదం నడుస్తుండగా, అడిగిన మొత్తమో, గత ఆరు నెలల్లో కట్టిన బిల్లుల సగటు లెక్కన నెలనెలా వచ్చే సొమ్మో, ఏది తక్కువైతే అది 'అభ్యంతరంతో కడుతున్నాను' అని రాసి కడితే, వివాదం తేలేదాకా సరఫరా ఆపకూడదు.